పండగకు పిలవండి

పండగపూట వృద్ధాశ్రమంలోని పెద్దవాళ్లకు అరటిపండ్లు, దుప్పట్లు తెచ్చిపెట్టేవాళ్ల మనసు మంచిదే. కానీ వాటిని అందుకునే చేతులు చూస్తే నాకు గుండె కలుక్కుమంటుంది. ఉగాదికి పూర్ణం రుబ్బి ఇంటిల్లిపాదికీ బచ్చాలు కాల్చిన చేతులవి. సంక్రాంతికి నువ్వులద్ది సజ్జరొట్టెలు తట్టినవి, మనవడి గుప్పిట్లో నోటు కుక్కి పంపినవి. మన పండగల్లో పెద్దదిక్కంటే పెట్టే మనిషి. ఆశ్రమంలో చేరిన జేజికి పుచ్చుకోవడమొక్కటే మిగిలింది.

తల్లిదండ్రుల పోషణ బిడ్డల బాధ్యతని 2007 చట్టం చెప్పింది. దిక్కులేనివాళ్ల కోసం జిల్లాకొకటైనా, కనీసం 150 మందికి చోటుండే ఆశ్రమం పెట్టవచ్చంది. కూడూ నీడా దాంతో సమకూరవచ్చు. పండగనాడు ఆ జేజికి ఏ పని అప్పజెప్పాలో మనమే ఆలోచించాలి. నిర్వాహకుల భయం సహజం: నూనె కాగుతుంటుంది, కాళ్లు తడబడతాయి. సరే, పొయ్యి దగ్గరికి వద్దు. కూర్చున్నచోటే పూర్ణం ఉండలు చేయనివ్వండి, వేపపూత ఏరనివ్వండి. చూడవచ్చిన పిల్లలకు బచ్చాలు ఆమె చేత్తోనే పెట్టించండి.

పండగ రోజుకు మీరు వెళ్లలేకపోతే? ఆళ్లగడ్డ వైపువాళ్లకు దీనికి జవాబు తెలుసు. కనుమనాడు అహోబిలంలో పారువేట మొదలవుతుంది. ఎగువ అహోబిలం జ్వాలా నరసింహుడూ దిగువ అహోబిలం ప్రహ్లాద వరదుడూ ఒకే పల్లకీలో దాదాపు 40 రోజులు చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతారు. చెంచులక్ష్మిని చేసుకున్న స్వామి చెంచులకు అల్లుడు కదా. ఆ అత్తింటివాళ్లనూ, ఊళ్లవాళ్లందరినీ తన పెండ్లికి రమ్మని పిలవడానికే బయలుదేరాడంటారు. పల్లకీ ఏ ఊరికొస్తే ఆ ఊరికి ఆ రోజే పండగ. ఇండ్లు అలుకుతారు, ఆడబిడ్డలను పిలిపించుకుంటారు. అలాగే మీరు వెళ్లగలిగిన రోజే ఆశ్రమంలో పండగ చేయండి. మరో మాట: అంతటి స్వామే గడపగడపకూ వచ్చి పిలుస్తున్నాడు.

ఆశ్రమంలో ఉన్నవాళ్లకు కరువైంది ఆ పిలుపే. దుప్పట్లు పంచి వెళ్లేవాళ్లు, మా ఇంటికి రండని అనడం చాలా అరుదు. మీ ఇంట్లో పెండ్లో, గృహప్రవేశమో, పసిబిడ్డకు పేరు పెట్టడమో ఉంటే శుభలేఖ తీసుకుని, బొట్టు పెట్టి మరీ పిలవండి. ముందు వరసలో కూర్చోబెట్టి, మొదటి అక్షింతలు వాళ్లతో వేయించండి. వాళ్లకు తెలిసిన పాట ఉంటే పాడించండి. దూరమని వెనకాడకండి, నంద్యాల నుంచి ఆళ్లగడ్డకైనా గంట ప్రయాణమే. బండి మీరే పంపండి. చీకటి పడకముందే, తాంబూలమిచ్చి మళ్లీ దిగబెట్టి రండి.