కాలవ గట్టు మీది గబ్బిలాలు

ఏప్రిల్ 18, ఘంటసాల

కాలవకి నీళ్లు కట్టేసి ఎన్నాళ్లో కాలేదు, అప్పుడే అడుగున బురద పగుళ్లిస్తోంది. గట్టు మీది నిద్రగన్నేరులో గబ్బిలాలు ఎప్పటిలాగే వేలాడుతున్నాయి గానీ, ఇప్పుడు చాలా తల్లుల పొట్టలకి పిల్లలు కరుచుకుని ఉన్నాయి. ఈ పెద్ద పండ్ల గబ్బిలానికి ఏడాదికి ఒకటే కాన్పు, మామూలుగా ఒకటే పిల్ల, అదీ ఫిబ్రవరి, మే నెలల మధ్య. అంటే మన ఎండలు ముదిరేదీ, వాటి పిల్లలు పాలు తాగేదీ ఒకే రోజుల్లో. ఒక వేసవిలో పిల్లలు పోతే ఆ లోటు పూడడానికి ఏళ్లు పడుతుంది.

మే 3

జంతువులు ముందుముందు ఎక్కడ బతకగలవో చూపే పటాల గురించి చదువుతున్నాను. జంతువు ఇప్పటిదాకా కనిపించిన చోట్లు తీసుకుంటారు. అక్కడ ఎండెంత, వానెంత అని చూస్తారు. 2050కో 2070కో వాతావరణం ఎలా ఉండొచ్చన్న లెక్కలో అలాంటి చోట్లు ఎక్కడ మిగులుతాయో వెతుకుతారు. మాక్సెంట్ అనే సాఫ్ట్‌వేర్‌ని దీనికి బాగా వాడతారు. గబ్బిలాల మీద ఇలాంటి పటాలు చాలా దేశాల్లో గీశారు. కొన్ని జాతులు ఉత్తరానికో, ఎత్తు ప్రదేశాలకో జరగొచ్చని అవి చెబుతున్నాయి.

పని విలువైనదే. కానీ వాటిలో సాధారణంగా వాడే ఎండ చాలా ఏళ్ల సగటు. ఒక్క మధ్యాహ్నం 44 డిగ్రీలు కొట్టి పోతే సగటులో అది కనపడదు. 2002 జనవరి 12న ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో ఎండ 42 డిగ్రీలు దాటిన ఒక్క రోజున 3,500కి పైగా గబ్బిలాలు చచ్చి రాలాయి. 2018 నవంబరులో ఆ దేశంలోనే కెయిర్న్స్ వైపు రెండు రోజుల్లో ఒకే జాతి గబ్బిలాలు సుమారు 23,000 పోయాయి, ఆ దేశంలో ఉన్న ఆ జాతిలో దాదాపు మూడో వంతు. మన దేశంలోనూ 2020 మేలో గోరఖ్‌పూర్ జిల్లాలో చెట్ల కింద గబ్బిలాలు పెద్ద సంఖ్యలో చచ్చిపడ్డాయి. కరోనా అని జనం హడలిపోయారు. చివరికి తేలింది ఎండదెబ్బ.

మే 17

సముద్రపు గాలి ఇవాళ లోపలికి రాలేదు. పొద్దున్నుంచీ పడమటి గాలే. గొడుగు వేసుకుని గట్టు మీదే కూర్చున్నాను.

పదకొండు దాటేసరికి రెక్కలతో విసురుకోవడం మొదలుపెట్టాయి. ఒంటిగంటకి విసరడం చాలక ఛాతీనీ రెక్కల లోపలి పక్కనీ నాకుతున్నాయి. ఉమ్మి ఆరుతుంటే ఒళ్లు చల్లబడుతుంది. ఆ తర్వాత నోళ్లు తెరిచి ఒగర్చడం. రెండున్నరకి చిటారు కొమ్మల్లోవి ఒక్కొక్కటే మొదలు వైపు దిగి, మానుకి గుంపుగా అతుక్కున్నాయి. ఒక తల్లి పిల్ల మీద రెక్క కప్పింది, ఉక్కపోసిందేమో తీసేసింది, పిల్ల తలంతా నాకింది, మళ్లీ కప్పింది. అలా ఎంతసేపో.

నీళ్లుంటే సాయంత్రం బయల్దేరగానే కాలవ మీదుగా కిందికి ఎగిరి పొట్ట తడుపుకుంటాయి, ఆ తడి నాకి దాహం తీర్చుకుంటాయి. ఇవాళ కాలవలో ఏముంది? తాగునీటి చెరువు దాకా పోయాయి.

మే 21

ఎండ నిన్నటికన్నా తక్కువ, 38 ఉంటుందేమో, కానీ ఉక్కపోత. చొక్కా ఆరడం లేదు. గబ్బిలాలు ఇవాళా నాకుతున్నాయి, కానీ గాలిలో ఇంత తేమ ఉంటే నాకిన తడి ఆరేదెలా? పడమటి గాలి వీచిన రోజున వాటికి నీళ్లు కావాలి. ఉక్క రోజున నీళ్లున్నా సరిపోవు, దట్టమైన నీడ కావాలి. సముద్రం దగ్గర కాబట్టి మా దివిసీమ వాటికి చల్లటి చోటని పటం చెప్పినా నేను నమ్మను.

మే 28

రోహిణి కార్తె. తాడి గీసే బాబాయ్ కనిపించాడు. గబ్బిలాలు ముంతల్లో మూతులు పెట్టి పాడు చేస్తాయని ఆయన కోపం. కేరళలో గబ్బిలాల నుంచి సోకే నిపా వైరస్ వచ్చినప్పటి నుంచి ముంతలకి గుడ్డ కడుతున్నాడట. మంచి పనే. చెట్టు కొట్టేద్దామంటారా అనడిగితే, "ఎందుకండీ మాస్టారూ, ఇక్కడ కొడితే ఇంకో చెట్టుకి పోతాయి. ఆ చెట్టేదండీ?" అన్నాడు.

అదే నా ప్రశ్న కూడా. 1977 నవంబరు 19 ఉప్పెన ఈ సీమలో వేలాది మందితో పాటు పాత చెట్లనీ తుడిచిపెట్టింది. తర్వాత పెరిగినవాటిలో కొన్ని రోడ్ల వెడల్పుకి పోయాయి. కోడూరు, నాగాయలంక వైపు రొయ్యల చెరువుల గట్ల మీద నీడే లేదు, కింద నేల ఉప్పెక్కుతోంది. చల్లటి వైపు జరగాలన్నా మధ్యలో వాలడానికి మర్రో, చింతో ఉండాలి కదా. రాత్రుళ్లు మర్రి, రావి, నేరేడు గింజలు దూరాలకి మోసేది ఈ గబ్బిలాలే. అవి పోతే కొత్త మర్రి మొలకెత్తే దారి కూడా తగ్గిపోతుంది.

జూన్ 14

కాలవకి నీళ్లొచ్చాయి, ఎర్రగా, చెత్తతో. చెట్టు కింద ఎండిన కళేబరాలు కొన్ని కనిపించాయి, ఎక్కువగా పిల్లలవి. ఊరి కుర్రాళ్లూ నేనూ గుంటలో పూడ్చాం. చేతులకి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దని కుర్రాళ్లకి గట్టిగా చెప్పాను.

వన్యప్రాణి చట్టంలో పండ్ల గబ్బిలాలు కాకులు, ఎలుకలతో కలిసి హానికర జంతువుల జాబితాలో ఉండేవి. 2022 సవరణతో ఆ జాబితానే తీసేశారు. ఊళ్లో ఈ సంగతి ఎవరికీ తెలీదు.

గ్రీకు భూగోళవేత్త టోలెమీ కాలంలో మా ఘంటసాల ఓడలొచ్చే కంటకసెల రేవు. ఇప్పుడు సముద్రం ఎంత దూరం! చోట్లు మారడం ఈ ఊరికి కొత్త కాదు, కానీ ఆ మార్పుకి శతాబ్దాలు పట్టింది. గబ్బిలాలకి అంత వ్యవధి ఇవ్వడం లేదు మనం.

పంచాయతీకి అర్జీ రాశాను. గట్టు మీది నిద్రగన్నేరునీ, దాని పక్క రెండు చింతల్నీ కొట్టకూడదు. ఖాళీగా ఉన్న మేర మర్రి, రావి, నేరేడు మొక్కలు ఈ వానల్లోనే నాటాలి. మే నెలంతా తాగునీటి చెరువులో ఒక మూలైనా నీళ్లు మిగలాలి. సంతకాలకి రేపు తాడి గీసేవాళ్ల పేటకి పోవాలి, బాబాయ్ తనతో పాటు పదిమందిని తెస్తానన్నాడు.