స్కాన్ బాగుంది, మరి మనిషో?

"స్కాన్ బాగుంది, నీకేమీ లేదు, వెళ్ళు!" ఈ మాట ఎంతమంది రోగులతో అన్నానో లెక్కలేదు. అది ఎంత తొందరపాటు మాటో నా తలకు దెబ్బ తగిలాక గాని తెలిసిరాలేదు.

ముదిగుబ్బలో కదిరి రోడ్డు మీద వస్తుంటే కుక్క అడ్డం వచ్చి స్కూటరు మీంచి పడ్డాను. హెల్మెట్ ఉండబట్టి పుర్రె పగల్లేదు. కాని ఎవరు లేపారో ఇప్పటికీ గుర్తులేదు. స్కాన్‌లో ఏ లోపమూ లేదు. అయినా తలనొప్పి, పక్క మీద ఇటునుంచి అటు ఒత్తిగిలితే గది గిర్రున తిరగడం, ఆటో హారన్ వింటే చిరాకు. పేపరు నాలుగు పంక్తులు చదివేసరికి మొదటిది మరిచిపోయేవాణ్ణి.

దీన్ని కంకషన్ అంటారు. కుండ పగల్లేదు, లోపలి నీళ్ళు కుదిలాయి అనుకోండి. ఆ అదురుకు మెదడు కణాల పనితీరు కొన్నాళ్ళు తప్పుతుంది. స్కాన్ రక్తస్రావాన్ని, విరిగిన ఎముకను చూపుతుంది గాని ఈ తేడాను చూపదు.

మంచం మీద ఉండగా ఒక టైలరు గుర్తొచ్చాడు. బండి మీంచి పడి, "సూదిలో దారం ఎక్కించలేకుండా ఉండాను సార్, తల తిరుగుతాంది" అంటూ మూడుసార్లు వచ్చాడు. "భయం, అంతే" అని పంపేశాను. ఇంట్లోవాళ్ళు పని ఎగ్గొట్టే నాటకమన్నారట.

నేను ఇంకో పొరపాటూ చేశాను. కిటికీలు మూసుకుని మూడు వారాలు చీకటి గదిలో పడుకున్నాను. ఒంట్లో సత్తువ పోయింది, దిగులు పట్టుకుంది, తల తిరగడం మాత్రం పోలేదు. క్రీడాకారుల కంకషన్ మీద 2022లో ఆమ్‌స్టర్‌డాంలో చేరిన నిపుణులు, ఇలా పూర్తిగా పడుకోవద్దనే 2023లో ప్రకటించారు.

మరి ఏం చేయాలి? మొదటి ఒకటి రెండు రోజులు తేలికపాటి ఇంటిపనులతో సరిపెట్టుకోండి. సెల్‌ఫోను, టీవీ బాగా తగ్గించండి. తరువాత పది, పదిహేను నిమిషాల నడకతో మొదలుపెట్టి రోజూ కాస్త పెంచండి. తలనొప్పికి పదికి ఇన్ని అని మార్కులు వేసుకోండి. నడకతో రెండు మార్కులకు మించి పెరిగితే ఆ పూటకు ఆపండి. ఉద్యోగం, చదువు సగం పూటతో మొదలుపెట్టండి. మద్యం వద్దు. డాక్టరు సరేననేవరకు బండి నడపవద్దు. ఇది మానేలోపు తలకు మరో దెబ్బ తగలడం ప్రమాదం సుమా!

తల తిరగడం, మెడనొప్పి పది రోజులు దాటినా ఉంటే ఫిజియోథెరపిస్టును చూడండి. నాకు లోపలి చెవిలోని సన్నని కణికలు స్థానం తప్పాయి. తలను ఒక క్రమంలో తిప్పి సరిచేశారు. బొటనవేలి మీద చూపు నిలిపి తలను అటూ ఇటూ తిప్పే అభ్యాసం కూడా నేర్పారు. నెల దాటినా తగ్గకపోతే బెంగుళూరు నిమ్హాన్స్‌లో నాడీ పునరావాస విభాగం ఉంది. ధర్మవరంలో రైలెక్కితే చాలు.

అయితే పదేపదే వాంతులు, పెరిగే తలనొప్పి, లేపినా లేవని మత్తు, ఫిట్స్, కాలుచేతుల్లో బలహీనత, ముక్కు చెవుల నుంచి నీరు కారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయక ఆసుపత్రికి పరుగెత్తండి.

కోలుకున్నాక ఆ టైలరుకు కబురుపెట్టాను. ముందు క్షమించమన్నాను, తరువాతే వ్యాయామాలు చెప్పాను. మీ ఇంట్లో దెబ్బ తగిలినవారు "తల బాగాలేదు" అంటే, స్కాన్ కాగితం చూపించి నోరు మూయించకండి. వారి మాట నమ్మండి. వైద్యం అక్కడే మొదలవుతుంది.