ప్లంబరు వచ్చేలోగా

ఉత్తరాంధ్ర పల్లెలలో ఒకప్పుడు నీటి ఏర్పాటంతా కంటి ఎదుటనే ఉండేది. పెరటిలో నుయ్యి, నూతిపై గిలక, గిలకమీద చేంతాడు, దాని కొసన బొక్కెన. అంతకు మించి మరేమీ లేదు. చేంతాడు తెగితే ముడివేసేవారు. గిలక కీచుమంటే ఆముదపు చుక్క వేసేవారు. బొక్కెన నూతిలో జారిపడితే వీధిలో ఎవరింటనో ఉండే పాతాళగరిగెను తెచ్చి, దాని కొక్కేలను నీటి అడుగున కదిపి కదిపి బొక్కెనను పైకి లాగేవారు. అదొక చిన్న వేడుక. పదేళ్ల పిల్లవాడు మొదలు పండుముసలి వరకు అందరూ చుట్టూ చేరేవారు. ప్రతి ఒక్కరూ సలహా చెప్పేవారే.

నేటి ఇంటిలో నీరు కనిపించేది కుళాయి మూతివద్ద మాత్రమే. బోరు నేలలోపల, గొట్టాలు గోడలలోపల, ట్యాంకు మిద్దెమీద ఉంటాయి. వాటి దారి ఇల్లు కట్టిన మేస్త్రీకి, గొట్టాలు వేసిన ప్లంబరుకు తెలుసును, ఇంటివారికి తెలియదు. సౌకర్యం పెరిగినకొద్దీ పరిచయం తగ్గింది. దాని వెల గొట్టం పగిలిననాడు గాని తెలిసిరాదు.

శ్రీకాకుళం పట్టణంలో ఏ వీధిలోనైనా జరుగగల సంఘటనే ఇది. మధ్యాహ్నవేళ. ఇంట్లో మామ్మ, ఇంటర్మీడియట్ చదివే మనుమరాలు తప్ప ఎవరూ లేరు. వంటగదిలో గోడలోనుండి కుళాయికి వచ్చే గొట్టం అతుకు దగ్గర పుటుక్కున విరిగింది. నీరు ఎదురుగోడను కొట్టి, గచ్చుపై పరచుకొని, బియ్యపు బస్తావైపు సాగింది. ప్లంబరుకు ఫోను చేస్తే ఆయన పొందూరులో పనిమీద ఉన్నాడు. “రెండు గంటలు పడుతుంది తల్లీ. ముందు వాల్వు కట్టేయండి” అన్నాడు. “వాల్వు ఎక్కడుందే అమ్మీ?” అని మామ్మ అడిగింది. మనుమరాలికీ తెలియదు.

ఇట్టి ఎదురుచూపులు ఈ ప్రాంతానికి కొత్తవి కావు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో పని నేర్చిన చేతులు అనేకం విశాఖపట్నానికి, హైదరాబాదుకు, చెన్నైకి వలసపోయాయి. ఇతర నగరాల భవనాలకు గొట్టాలు బిగించేవారి సొంత ఊరిలో ఒక కుళాయి బాగుచేయడానికి మనిషి దొరకకపోవడం విచిత్రమే అయినా, ఆశ్చర్యం కాదు. కనుక ఆ రెండు గంటల బాధ్యత ఇంట ఉన్నవారిదే.

వెయ్యి లీటర్ల ట్యాంకులోని నీరు ఒక టన్ను బరువు. పది మీటర్ల ఎత్తునుండి దిగే నీరు చదరపు సెంటీమీటరుపై సుమారు ఒక కిలోగ్రాము బరువంత ఒత్తిడి కలిగిస్తుంది. ఒక అంతస్తు ఇంటిలో ట్యాంకు ఎత్తు మూడు, నాలుగు మీటర్లే గనుక ఒత్తిడి అందులో మూడో వంతు ఉంటుంది. సన్నని పగులును గుడ్డతో అదిమి పట్టవచ్చును గాని, విరిగిన గొట్టాన్ని పట్టి నిలుపడం సాధ్యం కాదు. అడ్డుకొనకపోతే ట్యాంకు గంట తిరగకముందే ఖాళీ కావచ్చు. కుంచె, బకెట్టు పట్టుకొని నేలమీది నీటితో పోరాడటం మనుషులు సహజంగా చేసే మొదటి పని. అది మొదట చేయవలసిన పని మాత్రం కాదు. నీటిని దాని పుట్టుకవద్ద ఆపాలి.

ఆ పుట్టుక సాధారణంగా మిద్దెమీద, ట్యాంకు అడుగునుండి గొట్టం బయలుదేరే చోట ఉంటుంది. అక్కడ గుండ్రని పిడి ఉన్న వాల్వు అయితే గడియారపు ముల్లు తిరిగే దిశలో తిప్పితే మూసుకుంటుంది. పొడవైన పిడి ఉన్నదైతే, పిడి గొట్టానికి అడ్డంగా నిలిచినప్పుడు మూసినట్లు, గొట్టం వెంబడి ఉన్నప్పుడు తెరిచినట్లు. ఇంత తేలిక పని ఆపద సమయంలో జరగకపోవడానికి కారణం తుప్పు. కళింగపట్నం, భావనపాడు వంటి తీరగ్రామాలలో ఉప్పుగాలికి ఇనుము త్వరగా చెడుతుంది. ఏళ్ల తరబడి తిప్పని వాల్వు బిగుసుకుపోతుంది. నెలకొకసారి మూసి తెరుస్తూ ఉంటే అది చెప్పినట్లు వింటుంది. బిగుసుకున్నదానిని బలం కొద్దీ తిప్పితే పిడి విరిగి, ఒక కష్టం రెండవుతుంది. అప్పుడు మోటారు ఆపి, మిగిలిన కుళాయిలన్నీ తిప్పి, దొరికిన బిందెలు, గంగాళాలు నింపుకోవడమే మేలు. ట్యాంకు త్వరగా ఖాళీ అవుతుంది, నీరూ వృథా కాదు.

నీటికంటె ప్రమాదకరమైనది విద్యుత్తు. తడి గోడలోని స్విచ్చును తాకరాదు. పొడి చేతులతో, పొడి నేలమీద నిలిచి మెయిన్ స్విచ్చు కట్టాలి. దానిని చేరే దారిలోనే నీరు నిలిచి ఉంటే ఇంటినుండి బయటకు వచ్చి విద్యుత్తు సిబ్బందిని పిలవాలి. బియ్యపు బస్తా పోతే మరొకటి కొనవచ్చు.

వాల్వు దొరికి ధార ఆగిన తరువాత మామ్మ వంతు వచ్చింది. అటకమీది పాత సైకిల్ ట్యూబును పట్టీగా కోయించి, పగులుపై సాగదీసి, ఒక చుట్టుమీద సగం మరొక చుట్టు పడేటట్లు బిగించి తాడుతో కట్టించింది. సన్నని పగులుకు ఈ కట్టు కొన్ని గంటలు ఆగుతుంది. నిలువునా విరిగిన అతుకుకు ఆగదు. దానికి కొత్త ముక్క వేయవలసిందే. అతికించే జిగురును తడి గొట్టానికి పూయడం దండుగ. మిద్దెమీది గొట్టాలు మరీ త్వరగా విరుగుతాయి. ఎండకు ప్లాస్టిక్కు పెళుసెక్కుతుంది. ఆపైన కోతుల మందలు వాటిని పట్టి ఊగుతాయి!

ఎదురుచూపు గంటలు గాక రోజులైన సందర్భమూ ఈ జిల్లాకు తెలుసు. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగపు గాలులతో పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి తోటలు నేలకూలాయి. విద్యుత్తు స్తంభాలు వేల సంఖ్యలో పడిపోయాయి. గొట్టాలు బాగున్న ఇళ్లలోనూ మోటారు తిరగక కుళాయి ఎండిపోయింది. జనరేటర్లు తెప్పించి ట్యాంకులు నింపవలసి వచ్చింది. చేంతాడు, బొక్కెన ఉన్న ఇంటికి కరెంటుతో పని లేదు. కరెంటు లేని రోజులలో కుళాయి తిప్పి చూసి, నీరు రాక అలాగే వదిలేసేవారు ఉంటారు. సరఫరా తిరిగి వచ్చిన రాత్రి ఆ ఇంట గొట్టం పగలకుండానే వరద వస్తుంది.

అదే ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి దీర్ఘకాలంగా కుటుంబాలను పీడిస్తున్నది. కారణం నిశ్చయంగా తేలకపోయినా, తాగే నీటిపై అనుమానం ప్రజలలో బలంగా ఉంది. అక్కడికి హిరమండలం జలాశయం నుండి నీటిని తరలించే రక్షిత మంచినీటి పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. ఆ కుళాయిలున్న ఇంట గొట్టం విరిగితే వంటగది గచ్చుపై పారేది పెరటి నూతి నీరు కాదు, అంత దూరంనుండి నడిచి వచ్చిన వంశధార నీరు.