కూతకు ముందు షుగర్ చూసుకుంటాం

మా ఊరు మనూర్‌ది నల్లరేగడి నేల. వానాకాలం కాళ్లకు బురద ముద్దలుగా అంటుకుంటుంది, ఎండాకాలం నేల నెర్రెలిస్తుంది. దాని మీద మొరం పోయించి, సున్నంతో గీతలు గీసి పిల్లలకు కబడ్డీ నేర్పడం నా ఉద్యోగం. పీఈటీని. ఈ పనిలో ఉండగానే, ముప్పై దాటాక, నాకు టైప్ 1 షుగర్ ఉందని తేలింది.

తీరని దాహం, రాత్రంతా మూత్రానికి లేవడం, ఎంత తిన్నా ఒళ్లు తగ్గడం. మా వైపు చాలామంది జబ్బు చేస్తే బీదర్ పోతారు, నేనూ అక్కడికే వెళ్లాను. క్లోమగ్రంథి ఇన్సులిన్ తయారుచేయడం దాదాపు మానేసిందని, మాత్రలతో లాభం లేదని, జీవితాంతం సూది తప్పదని డాక్టర్ చెప్పారు. తిరిగొచ్చాక ఊళ్లో పెద్దమనుషులు ప్రేమతోనే అన్నారు: "ఇగ గ్రౌండు ఇడిసిపెట్టున్రి సారూ, నీడపట్టున కూసోని రిజిస్టర్లు రాసుకోన్రి."

నేను విడిచిపెట్టలేదు. పాకిస్తాన్ బౌలర్ వసీం అక్రమ్ గుర్తొచ్చాడు. 1997లో, ముప్పై ఏళ్ల వయసులో, ఆయనకు షుగర్ బయటపడింది. ఇన్సులిన్ తీసుకుంటూనే బౌలింగ్ చేసి, 2003 ప్రపంచకప్‌లో వన్డేల్లో 500 వికెట్లు తీసిన తొలి బౌలర్ అయ్యాడు. అమెరికా ఈతగాడు గ్యారీ హాల్ జూనియర్‌కు 1999లో టైప్ 1 తేలింది. మన కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచిన 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లోనే అతను 50 మీటర్ల ఫ్రీస్టయిల్ స్వర్ణాన్ని మరొకరితో పంచుకున్నాడు. వీళ్లు ఆడగలిగారంటే, ఒంటి లెక్క తెలుసుకుని ఆడారన్నమాట. ఆ లెక్క నేనూ నేర్చుకోవాలనుకున్నాను.

లెక్క ఇది. పరుగెత్తే కండరాలు నెత్తురులోని చక్కెరను గబగబా లాక్కుంటాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఇన్సులిన్ దానంతటదే తగ్గుతుంది. సూదితో ఎక్కించుకున్నది తగ్గదు. అందుకే ఆటకు ముందు వేలు గుచ్చి చూసుకోవాలి. 70 కన్నా తగ్గితే ఆట ఆపి మూడు నాలుగు చెంచాల చక్కెర తిని, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడాలి. 250 దాటి కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో పేరుకునే ఆమ్లాలు) కూడా కనిపిస్తే ఆ రోజు మైదానంలోకి దిగకూడదు. పరుగుకు ముందు తొడకు సూది వేసుకోకూడదు, మందు వేగంగా ఒంట్లోకి పోతుంది. కబడ్డీలో ఇంకో తిరకాసుంది. కూతలో ఒక్క ఉదుటున ఉరికినప్పుడు అడ్రినలిన్ వల్ల షుగర్ కాసేపు పెరగొచ్చు, అదే రోజు అర్ధరాత్రి నిద్రలో పడిపోవచ్చు. ప్రాక్టీసు రోజు నేను పడుకునే ముందు కూడా చూసుకుంటాను.

కొన్నేళ్లకు ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఆటల పీరియడ్‌లో చెట్టుకింద కూర్చోవడం మొదలుపెట్టింది. తండా పిల్ల. తల్లిదండ్రులు చెరుకు నరకడానికి వలస పోతే నాయనమ్మ దగ్గర ఉంటుంది. అంతకుముందు ఆమె కూతకు వెళితే మగపిల్లలు కూడా వెనక్కి జరిగేవారు. తల్లి వచ్చిన రోజు, పిల్లకూ షుగరేనని నెమ్మదిగా చెప్పింది: "బిడ్డకు సూదులని ఊర్ల తెలిస్తే రేపు పెండ్లెట్లయితది సారూ? ఎవ్వలకు చెప్పకున్రి."

ఆ భయం చిన్నది కాదు. దాన్ని కొట్టిపారేసే హక్కు నాకు లేదు. నేను నా చొక్కా ఎత్తి పొట్టమీది సూది మచ్చలు చూపించాను. పిల్ల చాలాసేపు చూసి అడిగింది: "మరి మీరెట్ల ఉరుకుతరు సార్?"

మర్నాటి నుంచి ఇద్దరం ఆటల గదిలో పక్కపక్కనే వేలు గుచ్చుకునేవాళ్లం. వాళ్లింట్లో ఫ్రిజ్ లేదు, అందుకని కుండలో తడి ఇసుక పోసి, లోపల చిన్న కుండ పెట్టి మందు అందులో దాచడం నాయనమ్మకు చూపించాను. మొదట్లో షుగర్ తగ్గి చేయి వణికితే చాలు, పిల్ల ఏడ్చి వెళ్లిపోయేది. కబడ్డీలో అవుటైన మనిషి బయట కూర్చుని, జట్టు ఎదుటివాళ్లలో ఒకరిని అవుట్ చేస్తే మళ్లీ లోపలికొస్తాడు కదా, షుగర్ పడిపోవడమూ అంతేనని చెప్పాను. చక్కెర తినడం, కూర్చోవడం, అంకె చూసుకుని కోర్టులోకి రావడం అలవాటయ్యాక ఏడుపు పోయింది. ఒకరోజు స్నేహితురాళ్లందరి ముందే గ్లూకోమీటర్ తీసింది. తల్లి దాచమన్న జబ్బును పిల్ల తనంతట తానే బయటపెట్టింది. నా వృత్తిలో నేను చూసిన అన్ని గెలుపుల్లో దీన్నే పైన పెడతాను.

తోటి పీఈటీలకు నా మనవి: షుగర్ ఉన్న పిల్లల్ని స్కోరు రాయడానికి కూర్చోబెట్టకండి. విజిల్‌తో పాటు గ్లూకోజ్ పొట్లం కూడా జేబులో పెట్టుకోండి. తల్లిదండ్రులారా, ఆడే రోజు డోసెంత, ఆడని రోజు ఎంత అని డాక్టర్‌తో విడివిడిగా రాయించుకుని, ఆ కాగితం నకలు బడిలో ఇవ్వండి.