జాబితాలో లేని పేర్లు

సాహిత్యానికి స్త్రీ పురుష భేదం లేదన్న మాటను కాదనేవారు అరుదు. బహుమతి గ్రహీతల జాబితాలను తిరగవేస్తే మాత్రం ఆ మాట అంత సులభంగా నమ్మబుద్ధి కాదు.

1991లో ఇంగ్లండులో బుకర్ బహుమతికి ఆరు నవలలతో తుది జాబితా వెలువడింది. ఆరింటినీ రాసినవారు పురుషులే. మార్టిన్ ఏమిస్, విలియం ట్రెవర్ వంటి ప్రసిద్ధులతోపాటు ముంబయిలో పుట్టి కెనడాలో స్థిరపడిన రోహింటన్ మిస్త్రీ కూడా వారిలో ఉన్నారు. చివరకు నైజీరియాలో జన్మించిన బెన్ ఓక్రీని బహుమతి వరించింది. వీరిలో ఎవరి ప్రతిభనూ శంకించడానికి వీలులేదు. పైగా మొదట నియమించిన ఐదుగురు న్యాయనిర్ణేతలలో ఇద్దరు స్త్రీలు. వారిలో పెనెలొపి ఫిట్జెరాల్డ్ 1979లో అదే బహుమతిని అందుకొన్న నవలాకారిణి. మరి లోపం ఎక్కడున్నట్లు? ఎవరో కక్షగట్టి స్త్రీలను తొలగించారని చెప్పడానికి ఆధారం లేదు. ఈ సమస్యలోని చిక్కంతా అదే. ఎవరూ తప్పు చేయకుండానే ఫలితం ఒకవైపు ఒరిగిపోతుంది.

మరుసటి సంవత్సరం లండనులో కొందరు పాత్రికేయులు, ప్రచురణకర్తలు, గ్రంథపాలకులు సమావేశమై ఈ విషయాన్ని చర్చించారు. ఆ చర్చ నుండే స్త్రీల నవలలకు ప్రత్యేక బహుమతి ఉండాలన్న ఆలోచన పుట్టింది. నవలాకారిణి కేట్ మోస్ దానికి సారథ్యం వహించారు. ధనసహాయానికి ముందుకు వచ్చిన ఒక సంస్థ మధ్యలోనే వెనుకకు తగ్గింది. పేరు వెల్లడించని ఒక దాత ఇచ్చిన నిధితో 30,000 పౌండ్ల బహుమతి ఏర్పడింది. ఆరెంజ్ బహుమతిగా పిలువబడిన ఆ పురస్కారాన్ని 1996లో హెలెన్ డన్మోర్ తొలిసారిగా అందుకొన్నారు.

దానిని తీవ్రంగా వ్యతిరేకించినవారిలో స్త్రీలు కూడా ఉండడం గమనించదగిన విషయం. 1990లో బుకర్ బహుమతి పొందిన ఎ.ఎస్. బయట్ ఇది లింగవివక్షతో కూడిన బహుమతి అని నిరసించి, తన నవలలను పోటీకి పంపనివ్వలేదు. రచనను రచనగా చూడాలే కాని రాసినవారు ఎవరని చూడరాదన్నది ఆమె పక్షం. ఆ పట్టుదల గౌరవించదగినదే. కాని స్త్రీలకు వేరే పంక్తి ఎందుకని అడిగేవారు, అందరిదీ అనుకొన్న పంక్తిలో విస్తరి ఎందరికి దక్కిందో కూడా లెక్కించాలి. 2024లో బుకర్ తుది జాబితాలోని ఆరుగురిలో ఐదుగురు స్త్రీలయ్యారు. అది పత్రికలన్నిటికీ పెద్ద వార్త. 1991లో ఆరుగురూ పురుషులైనప్పుడు దానిని విశేషంగా ఎంచినవారు మొదట కొద్దిమందే.

రచయిత ఎవరన్న ప్రశ్న కంటె లోతైన ప్రశ్నను 2015లో నికొలా గ్రిఫిత్ అనే నవలాకారిణి లేవనెత్తారు. బహుమతి పొందిన నవలలు ఎవరి కథను చెబుతున్నాయని ఆమె లెక్క తీశారు. 2000 నుండి 2014 వరకు అమెరికాలో పులిట్జర్ బహుమతి పొందిన నవలల్లో, కథల సంపుటాల్లో పూర్తిగా ఒక స్త్రీ దృష్టికోణం నుండి సాగినది ఒక్కటీ లేదని తేలింది. ఇంగ్లండులో హిలరీ మాంటెల్‌కు 2009లోను, 2012లోను బుకర్ బహుమతి తెచ్చిన రెండు నవలలకూ కథానాయకుడు థామస్ క్రామ్వెల్ అనే రాజమంత్రి. అవి గొప్ప నవలలే. అయితే రాజసభ కథ పెద్దదిగాను, ఇల్లాలి కథ చిన్నదిగాను ఎవరు, ఏ కొలతతో నిర్ణయించారో ఆలోచించవలసి ఉంది.

ఈ కొలత తెలుగువారికి కొత్తది కాదు. 1960, 70 దశకాలలో వారపత్రికలను రచయిత్రుల ధారావాహిక నవలలు ఏలాయి. ఇంగ్లండులో మేరీ ఆన్ ఇవాన్స్ పురుషనామం ధరించి జార్జ్ ఇలియట్ అయితే, తెలుగునాట కొందరు పురుషులు స్త్రీల పేర్లతో నవలలు రాశారు! పాఠకలోకం అంతగా ఆదరించిన ఆ రచనలను కొందరు విమర్శకులు ‘వంటింటి సాహిత్యం’ అని తీసిపారేశారు. వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టిమనిషి’ నవలలో నేలను, సేద్యాన్ని, రైతు కుటుంబాన్ని తరాల వెంట చిత్రించినా ఆ ముద్ర చెరిగిపోలేదు. అయినా వంటింట్లో జరిగేది జీవితం కాదా?

కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారాలు 1955లో ప్రారంభం కాగా, ఒక తెలుగు రచయిత్రికి ఆ గౌరవం దక్కడానికి 1982 వరకు వేచి ఉండవలసి వచ్చింది. ఆమె ఇల్లిందల సరస్వతీదేవి. తరువాత మాలతీ చందూర్‌కు లభించినది 1992లో. ఇంటి చాకిరి నడుమ కంటినిండా నిద్రకోసం తపించే గృహిణిని కూడా కథావస్తువుగా స్వీకరించిన అబ్బూరి ఛాయాదేవిని 2005లో అకాడమీ సత్కరించింది. కాత్యాయనీ విద్మహే సాహిత్య విమర్శ గ్రంథానికి 2013లో ఈ పురస్కారం వచ్చింది. ఆ గ్రంథం పేరు ‘సాహిత్యాకాశంలో సగం’. నికొలా గ్రిఫిత్ లెక్కలు వెలువడిన 2015లోనే ఓల్గా ‘విముక్త’ కథలకు పురస్కారం ప్రకటించారు. రామాయణగాథను సీత, శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళల వైపు నుండి చూసిన కథలవి.

ఇక జ్ఞానపీఠం. 1965లో మొదలైన ఆ పురస్కారం తొలిసారి ఒక స్త్రీకి చేరినది 1976లో. బడికి వెళ్లే భాగ్యం లేక, గృహిణిగా ఉంటూనే రచన సాగించిన ఆశాపూర్ణాదేవి ‘ప్రథమ ప్రతిశ్రుతి’ అనే బెంగాలీ నవలకు దానిని అందుకొన్నారు. ఆ నవలకు రంగస్థలం ఇల్లే, అంతఃపురమే. తెలుగులో 1970కి విశ్వనాథ సత్యనారాయణకు, 1988కి సి. నారాయణరెడ్డికి, 2012కు రావూరి భరద్వాజకు జ్ఞానపీఠం లభించింది. 2024 సంవత్సరపు పురస్కారం వరకు ఆ వరుసలో ఒక్క తెలుగు రచయిత్రి పేరూ చేరలేదు.