ట్రాక్ పక్కన కాపు కాసేవాళ్లు

మే నెల వచ్చిందంటే ఇండియానాపోలిస్ ఊరంతా కార్ల రేసు మాటే. శివార్లలోని కార్మెల్‌లోనో ఫిషర్స్‌లోనో మన తెలుగువాళ్లు నలుగురు కలిసినా, పిల్లల చదువులూ ఇండియా టికెట్ల ధరలూ అయ్యాక, ఈసారి మొదటి వరసలో ఎవరు నిలుస్తారన్న ముచ్చట వస్తుంది. రెండున్నర మైళ్ల ట్రాక్ మీద 33 కార్లు గంటకు 370 కిలోమీటర్ల దరిదాపు వేగంతో పోతుంటే ఎవరి చూపైనా వాటి వెంటే పోతుంది. ప్రాక్టీసు రోజుల్లో నేనూ వెళ్తాను. నా చూపు మాత్రం ట్రాక్ లోపలి వైపు ఆగి ఉన్న ట్రక్కుల మీదే ఉంటుంది. వాటిలో ఫైర్ సూట్లు వేసుకొని, కదలమన్న మాట కోసం గంటల తరబడి కాచుకొని కూర్చునే మనుషులుంటారు.

నాకు ఈ చూపు నేర్పింది మా పక్కింటి పెద్దాయన. అగ్నిమాపక శాఖలో చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు మే నెలలో సెలవు పెట్టి మరీ ట్రాక్ మీద పనికి వెళ్లేవారట. కారు గోడకు కొట్టుకున్నప్పుడు ఎగిరే ముక్కల్ని చూడొద్దు, ట్రక్కు ఎటునుంచి వచ్చింది, ఎక్కడ ఆగింది, అది చూడమంటారు. నిజంగానే అందులో చాలా ఆలోచన ఉంది. పాడైన కారుకీ, వెనకనుంచి ఇంకా వస్తున్న కార్లకీ మధ్య ట్రక్కును అడ్డుగా నిలుపుతారు. డ్రైవరు దగ్గరకు ఎవరు వెళ్లాలి, మంట ఎవరు చూసుకోవాలి, వచ్చే కార్ల మీద ఎవరు కన్నేసి ఉంచాలి అన్నది కిందికి దిగకముందే తేలిపోయి ఉంటుంది.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. 1964 రేసు రెండో చుట్టులోనే డేవ్ మెక్‌డొనాల్డ్ కారు లోపలి గోడకు కొట్టుకొని భగ్గుమంది. ట్యాంకు నిండా పెట్రోలు. వెనకే వస్తున్న ఎడ్డీ సాక్స్ ఆ మంటల్లోకే వెళ్లిపోయారు. ఇద్దరూ చనిపోయారు. ఆ తరువాత పెట్రోలు పోయి మిథనాల్ వచ్చింది. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే అది నీటిపై తేలుతూ ఇంకా పాకుతుంది. మిథనాల్ నీళ్లలో కలిసిపోతుంది కనుక నీళ్లతోనే ఆరుతుంది. అంతవరకు మేలే. చిక్కేమిటంటే, పట్టపగలు మిథనాల్ మంట కంటికి ఆనదు.

ఆ చిక్కు ఎంత ఘోరమైనదో 1981లో తెలిసింది. రిక్ మేర్స్ ఇంధనం కోసం పిట్‌లో ఆగారు. గొట్టం సరిగా తగులుకోకముందే ఇంధనం బయటికి చిమ్మి అంటుకుంది. మేర్స్ ఒళ్లు కాలిపోతోంది, చూసేవాళ్లకు మంట లేదు. కారులోంచి బయటపడి ఊపిరాడక కొట్టుకుంటుంటే, సాయానికొచ్చిన మనిషికి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. అతను వెనక్కి పరిగెత్తాడు. మంటలార్పే సిలిండరు పట్టుకున్న ఇంకొకరు దాన్ని కింద పడేసి తప్పుకున్నారు. చివరికి ఆ సిలిండరు అందుకొని కొడుకు మీది మంట ఆర్పింది తండ్రి బిల్ మేర్స్. వెనక్కి తగ్గినవాళ్లను నేను తప్పు పట్టను. కనిపించని మంటతో తలపడటం తేలిక కాదు, అంతే. ముఖానికి శస్త్రచికిత్సలయ్యాక మేర్స్ మళ్లీ వచ్చి 1984, 1988, 1991లలో ఇదే రేసు గెలిచారు. ఈ రేసును నడిపే ఇండీకార్ 2007లో మిథనాల్ వదిలి ఇథనాల్‌కు మారింది. ఇప్పటికీ పిట్‌లో ఇంధనం పోయడం కాగానే ట్యాంకు మూతి మీద నీళ్లు చిమ్మడం చూస్తుంటాం. కంగారులో చేసే పని కాదది, ప్రతిసారీ చేసి తీరాల్సిన పని.

మా పెద్దాయన చెప్పడానికి ఇష్టపడని సంగతి 1973 నాటిది. స్వీడ్ సావేజ్ కారు గోడకు కొట్టుకొని మంటల్లో చిక్కుకుంది. అటువైపు దూసుకెళ్లిన ఒక అగ్నిమాపక వాహనం పిట్ దారిలో ఎదురు దిశలో వెళ్లి, ప్రమాదం వైపు పరుగెత్తుతున్న ఒక యువకుణ్ని ఢీకొట్టింది. అతను ఒక రేసు జట్టు సిబ్బందిలో ఒకడు. ప్రాణం పోయింది. సావేజ్ కూడా ఆ తరువాత నెలరోజులకు ఆసుపత్రిలో కన్నుమూశారు. కాపాడాలన్న ఆత్రానికి ఒక పద్ధతి లేకపోతే అదే ఇంకో ప్రమాదమవుతుంది. నన్నడిగితే ట్రాక్ రక్షణ చరిత్రలో అందరూ చదవాల్సిన పేజీ ఇదే.

ఈ పద్ధతిని నిలబెట్టినవాళ్లలో డాక్టర్ స్టీవ్ ఓల్వీ పేరు ముందు చెప్పుకోవాలి. ఏ ఊరి రేసుకు ఆ ఊరి అంబులెన్సును పిలవడం కాకుండా, డాక్టర్లు, నర్సులు, అగ్నిమాపక సిబ్బంది ఒకే జట్టుగా ప్రతి రేసుకూ వెంట వెళ్లాలన్న ఏర్పాటు ఆయనా డాక్టర్ టెరీ ట్రామెల్ లాంటి వాళ్లూ గట్టిపరిచినదే. దాని విలువ 2001 సెప్టెంబర్ 15న జర్మనీలోని లౌసిట్జ్‌రింగ్ ట్రాక్‌లో లోకం చూసింది. రేసు డ్రైవరు అలెక్స్ జనార్డీ కారును ఇంకో కారు పక్కనుంచి ఢీకొట్టి రెండు ముక్కలు చేసింది. రెండు కాళ్లూ పోయాయి, ఒంట్లోని రక్తంలో చాలా భాగం ట్రాక్ మీదే కారిపోయింది. వెంట ఉన్న ఈ డాక్టర్లు అక్కడికక్కడే రక్తం ఆపి, హెలికాప్టర్‌లో బెర్లిన్ పంపారు. ఆ మనిషి 2012 లండన్ పారాలింపిక్స్‌లో చేతులతో తొక్కే సైకిల్ మీద బంగారు పతకాలు గెలిచారు.

2015 మేలో మా ఊళ్లోనే, ప్రాక్టీసులో, మూడో మలుపు దగ్గర జేమ్స్ హించ్‌క్లిఫ్ కారు గోడను తాకింది. 2002 నుంచి ఇక్కడి మలుపుల్లో ఉక్కు, ఫోమ్‌లతో చేసిన మెత్తటి గోడ ఉంది. తాకిడి బలాన్ని చాలావరకు అదే మింగుతుంది. అయినా ఆ రోజు సస్పెన్షన్ కడ్డీ ఒకటి కారు తొడుగును చీల్చుకొని అతని తొడలోంచి దూసుకుపోయింది. రక్తం ధారగా పోతోంది, మనిషి కారులో ఇరుక్కుని ఉన్నాడు. మామూలుగా మంట లేకపోతే ఈ జట్టు తొందరపడదు. మెడ కదలకుండా పట్టుకొని, వెన్నుకు ఆసరా ఇచ్చి మెల్లగా తీస్తుంది. మంట ఉంటే లెక్క వేరు, ముందు బయటికి లాగాలి. మంట లేకున్నా ప్రతి సెకనూ విలువైనదేనని వాళ్లు చూడగానే గ్రహించారు. కారు నిర్మాణం ముందే తెలిసిన చేతులు గనుక తడుముకోలేదు. విడదీసి, రక్తాన్ని అదుపు చేస్తూ మెథడిస్ట్ ఆసుపత్రికి చేర్చారు. మరుసటి ఏడాది, నూరో రేసు అర్హత పరుగులో, హించ్‌క్లిఫ్ అందరికంటే వేగంగా నడిపి మొదటి స్థానంలో నిలిచారు. ఆ రోజు నేను చప్పట్లు కొట్టింది ట్రక్కుల వైపు తిరిగి.

ఈ సంగతులు విన్నప్పుడల్లా నాకు ఇండియాలోని మన హైవేలు గుర్తొస్తాయి. బండి పడిందంటే మన జనం పరుగెత్తుకొస్తారు, ఆ మనసు మనకు పుష్కలంగా ఉంది. వచ్చి, కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో పడుకోబెడతారు. మెడ ఏమైందో ఎవరూ చూడరు. కారుతున్న గాయాన్ని గట్టిగా అదిమి పట్టాలని చాలామందికి తెలియదు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు మన ప్రజలు గర్వపడాల్సిన ఏర్పాటు. అది వచ్చేదాకా ఉన్న ఆ కొన్ని నిమిషాలే మన చేతుల్లో ఉండేవి.

అందుకని మనవాళ్లకు నాదొక విన్నపం. అమెరికాలో ఉన్నవాళ్లు రక్తస్రావం ఆపడం నేర్పే స్టాప్ ద బ్లీడ్ తరగతికి ఒకసారి వెళ్లండి, పిల్లల్నీ తీసుకెళ్లండి. తెలుగు సంఘాలు పండుగ సంబరాలతో పాటు ఏడాదికి ఒక పూట దీనికీ కేటాయించాలి. ఊళ్లో ఉన్నవాళ్లతో మాట్లాడినప్పుడు మంట లేకపోతే, ఇతర ప్రమాదం పొంచి లేకపోతే గాయపడినవాళ్లను లాగొద్దని, ముందు 108కి ఫోన్ చేసి, రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టమని చెప్పండి. పోలీసు కేసు అంటుకుంటుందని భయపడేవాళ్లకు ఇంకో మాట కూడా చెప్పండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ ప్రకారం, రోడ్డు ప్రమాదంలో మంచి మనసుతో సాయపడినవారి మీద ఆ సాయం కారణంగా కేసు పెట్టడానికి లేదు.