నీళ్లలో తేలికైపోయే బరువు

కపిలేశ్వరపురం దగ్గర, గౌతమి గట్టుకి కూతవేటు దూరంలో నలభై మీటర్ల సెల్ టవర్. సొంతంగా నేను కట్టిన మొదటి పునాది లెక్క అదే.

పునాది అనగానే కొత్తవాళ్లు బరువు నేల మోస్తుందా అని చూస్తారు. ఆ టవర్ ఇనుమంతా కలిపి 12 టన్నులే. గాలికి అది ఒరగకుండా పట్టి ఉంచడమే అసలు పని. మన తీరానికి భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ఇచ్చిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ 50ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకి 1,500 న్యూటన్లు, దాదాపు 150 కిలోల తోపు. ఎత్తుని బట్టీ, చుట్టూ ఉన్న తోటల్ని బట్టీ దాన్ని సవరించుకోవాలి.

మొత్తం తోపు 8 టన్నులు తేలింది, నేలకి 22 మీటర్ల ఎత్తున. పునాదిగా వేసే కాంక్రీటు పలక, అంటే రాఫ్ట్, అడుగు రెండు మీటర్ల లోతున ఉంటుంది గనక 24తో గుణించాను: 192 టన్ను-మీటర్ల మొమెంటు. ఏడు మీటర్ల చదరం రాఫ్ట్, అర మీటరు మందం, పైన మీటరున్నర మట్టి. అన్నీ కలిపి 205 టన్నులు. మొమెంటుని దాంతో భాగిస్తే ఎక్సెంట్రిసిటీ, అంటే బరువు నడిమధ్య నుంచి పక్కకి జరిగే దూరం, 93 సెంటీమీటర్లు. వెడల్పులో ఆరో వంతు 117. దాని లోపలే ఉంది గనక రాఫ్ట్ అంచు నేల నుంచి లేవదు. సంబరంగా డ్రాయింగు పట్టుకెళ్లాను.

మా పెద్ద ఇంజనీరుగారు కళ్లజోడు సర్దుకుని అడిగారు.

"కాంక్రీటు ఎంత పట్టావు అబ్బాయ్?"

"ఘనపు మీటరుకి రెండున్నర టన్నులండీ."

"గుంటలో ఊట చూశావా?"

చూశాను. మూడడుగులకే నీళ్లు.

"తొంభయ్యారు నవంబరు తుఫానుకి కొబ్బరిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. నేల నానిపోయి పట్టు విడిచేసింది. మన దగ్గర తుఫాను వాన లేకుండా ఎప్పుడొచ్చింది?"

నీళ్లలో మునిగిన కాంక్రీటు ఒకటిన్నర టన్నులే. ఒకటీ ఎనిమిదిగా పట్టిన మట్టి సగమైపోతుంది. మళ్లీ లెక్కేస్తే నా 205 టన్నులు 115కి పడిపోయాయి, ఎక్సెంట్రిసిటీ 167కి పోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎనిమిది మీటర్ల చదరం చేస్తే 146 టన్నులు, 131 సెంటీమీటర్లు. హద్దు 133. ఐఎస్ 456 చెప్పినట్టు పడదోసే మొమెంటుని 1.4 రెట్లు పెంచి, నిలబెట్టే బరువుని 0.9కి తగ్గించి కూడా చూశాం: 269కి ఎదురు 526. అప్పుడు సంతకం పెట్టారాయన.

ఆ 146 టన్నుల్లో 86 మట్టివే. కాగితం మీద రాసేశాం సరే, సైటులో ఆ బరువు రావాలిగా? రెండో టవర్ దగ్గర కూలీలు మట్టిని ఒక్కసారే దొర్లించేస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. వానకి జానెడు కుంగింది. తప్పు నాదే. మా మేస్త్రీ అంతా తీయించి, ఆరంగుళాల పొరలుగా వేయించి దిమ్మిస కొట్టించాడు. "కాంక్రీటు ఒక్కటే పునాది కాదండీ, మట్టీ పునాదేనండీ" అన్నాడు.

పునాది మీద మట్టి నింపే బ్యాక్‌ఫిల్ రోజున ఇప్పటికీ గట్టు మీదే కూర్చుంటాను. పొర పొరకీ పన్నెండు ఎంఎం ఊచ తీసుకుని చేత్తో గుచ్చుతాను. సులువుగా దిగిందా, ఆ పొర మళ్లీ తీయించాల్సిందే.